గ్లాఫ్కోస్ ముఖం

సకెల్లారిస్ స్పాంజిని ఎడమ అరచేతిలో తిప్పుతూ అంచులు కత్తిరిస్తున్నాడు. అది గొర్రెబొచ్చు తీసే కత్తెర. రెండుసార్లు తిప్పేసరికి స్పాంజి గుండ్రంగా రావాలి. మూడోసారి తిప్పేవాడికి పని రానట్టే. ముప్పై ఎనిమిదేళ్ళుగా అతను రెండుసార్లే తిప్పుతున్నాడు. ఎవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకోవలసిన పనీ కాదు. చిన్నప్పుడే కర్ణభేరి చిల్లుపడింది కాబట్టి స్పాంజికోసం సముద్రంలో మునగలేదు. కాలిమ్నోస్ దీవిలో నీళ్ళలోకి దిగనివాణ్ణి సగం మగవాడికింద లెక్కకడతారు.

భార్య కతోలికీ పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పటినుంచి చెల్లెలు సెవస్తీ ఇంట్లో మేడగదిలో ఉంటున్నాడు. సాయంత్రాలు నీటిరంగులతో బొమ్మలు వేస్తాడు. ఎవరూ నేర్పలేదు. స్పాంజి పెట్టెలమీద అంటించే చీటీలకు డాల్ఫిన్లు వేసి వేసి చెయ్యి తిరిగింది. ఏథెన్స్‌లో పిల్లలకోసం పురాణకథల పుస్తకం వేస్తున్న ఒకాయన, అతను పంపిన బొమ్మలు పదకొండూ తిప్పి పంపాడు. పన్నెండోది బాగుంటే పుస్తకంలో బొమ్మలన్నీ నీకే ఇస్తానని రాశాడు. అది ఇవాళ నాలుగింటి స్టీమరులో వెళ్ళాలి. గ్లాఫ్కోస్ బొమ్మ. ఏదో ఆకు నమిలి సముద్రదేవుడైపోయి, మళ్ళీ ఒడ్డెక్కలేకపోయిన జాలరి.

“ఏమోయ్, నీ దేవుడికి గుడ్డ కట్టావా, ఈసారీ దిసమొలేనా?” పక్కన కూర్చుని కత్తిరిస్తున్న నోమికోస్ అడిగాడు.

“చేపతోక వేశాను.”

“బతికించావు. ఇంట్లో ఆడవాళ్ళకి చూపించొచ్చు.”

సకెల్లారిస్ నవ్వలేదు. ఆ బొమ్మ చెల్లెలికి చూపించలేదు. చూపించదలచుకోలేదు కూడా.

పదకొండింటికి రేవువైపునుంచి కేకలు వినిపించాయి. ఈస్టర్ అయ్యాక ఆఫ్రికా తీరానికి వెళ్ళిన స్పాంజి పడవలు తిరిగొస్తున్నాయి. అందరూ కత్తెరలు పడేసి బయటికి పరుగెత్తారు.

“నాలుగే!” అన్నారెవరో. వెళ్ళినవి అయిదు. రానిది లాంబ్రోస్ పడవ. సెవస్తీ భర్త మిక్కేస్ అందులోనే ఉన్నాడు.

సకెల్లారిస్ ఇంటికి నడిచాడు. మేడగది కిటికీలోంచి రేవంతా కనిపిస్తుంది. పడవలు లెక్కపెట్టడానికి సెవస్తీ అక్కడికే ఎక్కింది. కానీ అతను వెళ్ళేసరికి ఆమె కిటికీ దగ్గర లేదు. బొమ్మ ఆరబెట్టిన బల్ల దగ్గర ఉంది.

“ఇదెవరు?”

“గ్లాఫ్కోస్.”

“నేను గుడ్డిదాన్నా అన్నయ్యా? ఆ తెగిన కనుబొమ్మ ఎవరిది? ఆ వంకరముక్కు ఎవరిది?”

ఎనిమిది ముఖాలు వేసి చూశాడు. ఒక్కదానికీ ప్రాణం రాలేదు. పోయిన ఆదివారం చెయ్యే మిక్కేస్‌ని తెచ్చి పెట్టింది.

“సముద్రంమీద ఉన్నవాణ్ణి నీళ్ళలో ముంచి గీస్తావా? పసిపిల్లలక్కూడా తెలుసే అది చెయ్యకూడదని!”

“బొమ్మే కదే.”

“బొమ్మేగా! అయితే కడిగెయ్. ఆ పడవ వచ్చేలోపు కడిగెయ్. నువ్వు కడక్కపోతే పొయ్యిలో పెడతా.”

కిటికీలో అయిదో తెరచాప కనిపించింది. జెండా ఎంత ఎత్తున ఉందో ఇంకా ఆనడం లేదు; పడవలో ఎవరైనా పోతే సగానికి దించుతారు.

బొమ్మ చంకలో పెట్టుకుని రేవుకు వెళ్ళిపోవచ్చు. జీవితంలో తాను వేసిన మంచి బొమ్మ అదొక్కటేనని అతనికి తెలుసు. అయినా స్పాంజి తడిపాడు.

ముందు బుగ్గలమీద పసుపు లేచింది. తర్వాత పెదవుల ఎరుపు. అడుగున నీడకోసం ముందెప్పుడో ముదురునీలం పూశాడు. అది కాగితంలోకి ఇంకిపోయింది. ఎంత కడిగినా రాని రంగు. ఆ సంగతి అతనికి తెలుసు, తొందరలో మరిచాడు. కడిగినకొద్దీ బతుకురంగులు పోయి నీలం మిగిలింది. నీలం పెదవులు. నీలం కళ్ళగుంటలు. మూడురోజులు నీళ్ళలో నానినవాడు పైకి తేలినట్టుంది.

“రుద్దు,” అంది సెవస్తీ. “ఇంకా రుద్దు.”

రుద్దాడు. కాగితం నూగు లేచింది. చివరికి ముక్కూ లేదు, కనుబొమ్మా లేదు. మరక ఉంది.

అప్పుడు పడవ రేవులోకి తిరిగింది. జెండా కొయ్య సగంలో ఉంది.

లాంబ్రోస్ టోపీ ఒక చేత్తో, మూట ఒక చేత్తో పట్టుకుని సందులోకి వచ్చాడు. ఆ పడవలో వెళ్ళినవాళ్ళ ఆడవాళ్ళు ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడ్డారు. అతను తలెత్తలేదు. అతను దాటిన ప్రతి గుమ్మంలోనూ ఆమె తనవాడు కాదని సిలువ గుర్తు వేసుకుంటోంది. ఏడు గుమ్మాలు దాటాడు. సెవస్తీ గుమ్మం దగ్గర ఆగాడు.

“ఎప్పుడు?” అంది సెవస్తీ.

“ఆగస్టు పదిహేడున, వదినా. లోతునుంచి మరీ తొందరగా పైకొచ్చాడు. సిగరెట్టు అడిగాడు. నేను వెలిగించేలోపు పోయాడు. అక్కడే ఇసుకలో పెట్టాం.”

మిక్కేస్ మూట లోపలి బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆగస్టు. బొమ్మ వేసింది అక్టోబరులో. సకెల్లారిస్ నెలలు లెక్కపెట్టుకున్నాడు. సెవస్తీ కూడా లెక్కపెట్టుకునే ఉంటుంది. ఇద్దరిలో ఎవరికీ ఊరట కలగలేదు. నాలుగింటికి స్టీమరు కూసింది. ఎవరూ కదల్లేదు.

సెవస్తీ గోడమీది పెళ్ళిఫొటో దించింది. ఇంట్లో ఉన్నది ఆ ఫొటో ఒక్కటే. తీసేటప్పుడు మిక్కేస్ కదిలాడు. కోటు ఉంది, కోటుమీద తల ఉండవలసినచోట పొగలాంటి మరక. ఇరవయ్యేళ్ళు దాన్ని చూసి నవ్వుకున్నారు.

“అన్నయ్యా, ఆ ముఖం మళ్ళీ వెయ్యి.”

కొత్త కాగితం తీశాడు. కుంచె తడిపి కళ్ళు మూసుకున్నాడు. నీలంరంగు ముఖమే వచ్చింది. దాని వెనక మరొకటి ఉండాలి. చీకటి పడేదాకా వెతికాడు.

“రావడం లేదు.”

“నువ్వు కడిగావు.”

“నువ్వే కడగమన్నావు.”

“నేను భయపడి అన్నాను. నువ్వెందుకు విన్నావు?”

ఆమె జవాబుకోసం ఆగలేదు. దీపం దగ్గరికి జరుపుకుని మూట విప్పింది. ఉప్పు కట్టిన చొక్కా, మంగలికత్తి, కొమ్ముదువ్వెన ఉన్నాయి. దువ్వెన పళ్ళమధ్య మూడు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. రెండు నల్లవి, ఒకటి తెల్లది.