ఎడంచేతి రాణి

1968 మార్చిలో ఒక మంగళవారం పొద్దున, రాజమండ్రిలోని ఒక అచ్చాఫీసులో నన్ను ఆసిడ్ తొట్టిలోంచి పైకి తీశారు. నేను ఒక జింకు బ్లాకును. అరచెయ్యంత ఉంటాను. టేకు చెక్క మీద మేకులతో బిగించారు. నా మీద ఒక రాణి కూర్చుని తాటాకు మీద గంటంతో కథ రాస్తూంటుంది. పిల్లల కథల పుస్తకంలో నలభై ఒకటో పేజీ కోసం నన్ను చేశారు.

చేసింది అచ్చాఫీసు యజమాని గవర్రాజు. బ్లాకులు చేసే మనిషి ఆ వారం సెలవు పెట్టాడు. బ్లాకు మీద బొమ్మ ఎప్పుడూ తిరగబడి ఉండాలి. అప్పుడే కాగితం మీద సరిగ్గా పడుతుంది. గవర్రాజు నెగెటివ్‌ను తిప్పకుండా పెట్టేశాడు. తొట్టిలోంచి తీసి చూసుకున్నాడు. రాణి కుడిచేత్తో రాస్తోంది. కాగితం మీద అది ఎడంచెయ్యవుతుందని తట్టక, బాగానే ఉందనుకున్నాడు. మనుషులు బొమ్మలో ముందు ముఖం చూస్తారు. అది నచ్చితే చేతుల దాకా రారు.

బొమ్మ గీసింది ఆర్టిస్టు పేరయ్య గారు. ఆయన బొమ్మలో సంతకం పెట్టేవారు కాదు. గోరంత సంతకం బ్లాకు ఒకటి జేబులో పెట్టుకు తిరిగేవారు. ప్రూఫు చూసి, ఒప్పుకున్నాకే దాన్ని తీసి ఇచ్చేవారు. దాన్ని బొమ్మ పక్కన బిగించి అచ్చువేసేవారు. నా వంతు వచ్చినప్పుడు ఆయన బంధువుల పెళ్ళికి కాకినాడ వెళ్ళారు. గవర్రాజు ఆగలేదు. పేరయ్య గారు తిరిగొచ్చేసరికి పుస్తకం బైండింగు కూడా అయిపోయింది. ఆయన నలభై ఒకటో పేజీ తీశారు.

"ఏమయ్యా గవర్రాజూ, రాణిగారి చేత పుర్రచేత్తో రాయించావేంటి?"

"చూసుకోలేదండీ. అయినా రాణిగారు ఏ చేత్తో రాస్తే ఎవడడుగుతాడండీ?"

"నేనడుగుతాను. ఇది నా బొమ్మ కాదు. ఆ బ్లాకు పారెయ్."

పారేయడం గవర్రాజు ఒంట్లో లేదు. పాత ప్రూఫు కాగితంలో చుట్టి నన్ను అటక మీద పెట్టాడు.

ఇప్పుడు చెప్పబోయేది నేను చూసింది కాదు. దమయంతి అనే ఆవిడ చాలా ఏళ్ళ తర్వాత నన్ను వెతుక్కుంటూ వచ్చి, అదే అచ్చాఫీసులో గవర్రాజుతో చెబుతుండగా విన్నది. నేను అచ్చైన పుస్తకం ఒకటి కోటిపల్లి రోడ్డు మీద ఒక ఊరి గ్రంథాలయానికి చేరింది. అక్కడ బొమ్మల పుస్తకాలు ఇంటికివ్వరు. ఇస్తే బ్లేడుతో బొమ్మలు కోసుకుని దేవుడి పటాల పక్కన అంటించుకుంటారు. మనుషులకు బొమ్మ మీద ప్రేమ ఎక్కువైతే పుస్తకానికి కన్నం పడుతుంది. అందుకని లైబ్రేరియన్ జగ్గారావు గారి బల్ల ముందు కూర్చునే చూడాలి.

దమయంతి మూడో తరగతి. ఎడంచేతి వాటం. ఇంట్లో నాయనమ్మ ఆ చేతికి గుడ్డ చుట్టి కట్టేది. బళ్ళో దెబ్బలు తినేది. రాయమంటే ఏడుపు, బొమ్మలు వేయమంటే భయం. ఒక సాయంత్రం జగ్గారావు గారు పుస్తకం తెరిచి ఆ పిల్ల ముందుకు జరిపారు.

"చూడవే. రాణిగారికి ఎవరైనా గుడ్డ కట్టారా?"

దమయంతి చూసింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. పుస్తకం ఇంటికిమ్మని అడిగింది.

"ఇవ్వను. కళ్ళతో ఎంత పడితే అంత పట్టుకెళ్ళు," అన్నారాయన.

ఆ పిల్ల పలక తెచ్చుకుని, ఆ బల్ల దగ్గరే గుడ్డ విప్పుకుని, రాణిని దించడం మొదలెట్టింది. మిగతా బొమ్మలన్నిటి కిందా సంతకం ఉంది. ఈ ఒక్కదానికే లేదు. "ఎవరిదీ కాదు గదా, అయితే నాదే అనుకున్నాను," అని చెప్పింది దమయంతి. అప్పటికి ఆమె పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే మనిషి. ఆమె బొమ్మల పుస్తకాలు ఆ గ్రంథాలయంలో ఒక అర నిండా ఉన్నాయట. ఆ మాట విన్నప్పుడు నేను అటక మీదే ఉన్నాను. నా గీత ఒక్కటీ అరగలేదు.

2019 ఆగస్టులో ఆ గ్రంథాలయం వాళ్ళు పాత పుస్తకాన్ని మళ్ళీ అచ్చువేయాలనుకున్నారు. ఆ పని దమయంతికి అప్పగించారు. మిగిలింది ఒక్క ప్రతి. అందులో నలభై ఒకటో పేజీ పిల్లల వేళ్ళు తగిలి తగిలి చెరిగిపోయింది. ఆ బొమ్మకు నేనే దిక్కు. పేరయ్య గారు ఒప్పుకున్నారు గాని ఒక షరతు పెట్టారు. రాణి కుడిచేత్తో రాయాలి. కంప్యూటర్లో ఒక్క నొక్కుతో అయ్యే పని.

ముగ్గురూ అచ్చాఫీసులో కలిశారు. గవర్రాజుకు చెవులు సరిగా వినపడవు. చేతులు మాత్రం పని మరవలేదు. నా మీది దుమ్ము కిరసనాయిలుతో తుడిచి, సిరా పూసి, ట్రెడిల్ అచ్చుమిషను తొక్కాడు. యాభై ఏళ్ళ తర్వాత మొదటి కాగితం మీద ఒక్క గీత తప్పకుండా పడ్డాను.

దమయంతి కాగితం వెనక పేజీ నంబరు వేసింది. పేరయ్య గారు ఆ చెయ్యి చూశారు.

"ఎప్పట్నుంచమ్మా?"

"పుట్టినప్పట్నుంచేనండీ. దాచుకోవడం మానింది మాత్రం మీ రాణిని చూశాక."

"నా రాణి కుడిచేత్తో రాస్తుంది."

"మరి నాకు బొమ్మలు నేర్పింది ఎవరి రాణండీ?"

గవర్రాజు సగమే విన్నాడు.

"ఎవరిదీ కాకపోతే నాదనుకోండి. తిరగేసింది నేనే గదా."

"నువ్వూరుకోవయ్యా," అన్నారు పేరయ్య గారు. "యాభై ఏళ్ళు అటక మీద పడేసి, ఇప్పుడు నీదంటావా?"

"తిప్పమంటే తిప్పుతానండీ, బొమ్మ మీది," అంది దమయంతి.

ఆయన ప్రూఫును వెలుతురు దగ్గరికి పట్టుకెళ్ళారు. ఈసారి ముఖం చూడలేదు, గంటం పట్టిన వేళ్ళు చూశారు. తిరిగొచ్చి జేబులోంచి చిన్న గుడ్డ మూట తీశారు. సరిచేసిన బొమ్మకు వేయడానికి తెచ్చుకున్న సంతకం బ్లాకు అది. మూట విప్పి దాన్ని నా పక్కన పెట్టారు.

"గవర్రాజూ, బిగించు. వదులుగా ఉంటే ఒప్పుకోను."

గవర్రాజు మమ్మల్నిద్దర్నీ ఒకే చట్రంలో బిగించి మళ్ళీ తొక్కాడు.

ఆ ఏడాది డిసెంబరులో కొత్త ముద్రణ వచ్చింది. నన్ను గ్రంథాలయానికి ఇచ్చారు. గాజు తలుపుల బీరువాలో, ఆ పుస్తకం పక్కనే ఉన్నాను. నన్నూ ఇంటికివ్వరు. పుస్తకం నలభై ఒకటో పేజీ దగ్గర తెరిచి పెట్టారు. రాణి ఎడంచేత్తో రాస్తోంది. కింద పేరయ్య గారి సంతకం ఉంది.