గింజ ఎప్పుడు చనిపోతుంది?

తడి గోనెగుడ్డ విప్పి, మొలకెత్తిన గోధుమ గింజలను ఒక పక్కకూ మొలకెత్తనివాటిని మరో పక్కకూ వేలితో నెడుతున్నాడతను. విత్తనాల గోదాములో అతని పని అదే. మొలిస్తే సరుకు, మొలవకపోతే చచ్చిన గింజ. చచ్చినవి ఎక్కువైతే లాటు మొత్తం వెనక్కి పోతుంది, తెచ్చినవాడు చుట్టమైనా సరే. చూడకుండా ఏ బస్తానూ మంచిదనడని అతనికి పేరు. పిల్లల్లేరు, సొంతిల్లు లేదు. బతుకులో జమ చూసుకుంటే ఆ పేరొకటి, భార్య ఒకతి.

ఆ పేరే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

ఆదివారం పాస్టరు ఇంటికొచ్చి, మంచం పట్టిన ఆమె పక్కన కూర్చుని వాక్యం చదివాడు. గింజ నేలలో పడి చావకపోతే ఒంటిగా మిగిలిపోతుందట, చస్తేనే పంటట. 'ఒంటిగా' అన్న మాట దగ్గర అతను కిటికీ వైపు తిరిగాడు. పాస్టరు వెళ్లాక ఆమె అడిగింది.

"ఏమండీ, రోజూ గింజలతోనే కదా మీ కాపురం. అది నిజంగా చస్తుందా?"

"చచ్చింది మొలవదే! నేను తిప్పి పంపేది వాటినేగా."

ఆమె ముఖం వాడిపోయింది. నోరు జారానని అప్పుడు తెలిసింది. డాక్టరు ఇక ఇంటికి తీసుకెళ్లమన్న మనిషి. ఊరడించడానికి అబద్ధమాడితే ఇట్టే పట్టేస్తుంది.

"సరిగ్గా చూసి చెప్తాలే," అన్నాడు.

అందుకే ఇవాళ మొలిచినవాటినీ వదలకుండా గోటితో చీల్చాడు. ఇన్నేళ్లలో మొలక కనబడ్డాక లోపలికి చూసే అవసరమే రాలేదు. అప్పుడే పగిలినదానిలో పిండి గట్టిగా ఉంది. వేరు దిగినదానిలో పాలలా జారుతోంది. ఆకు లేచినదానిలో ఒట్టి పొట్టు. ప్రాణం ఎక్కడ పోయిందని గీత గీయాలో తెలియలేదు. మళ్లీ మొదటినుంచి చూశాడు.

"ఏంటి బావా, గింజలకు పోస్టుమార్టమా?" కాటా దగ్గరి మనిషి నవ్వాడు.

"చంపిందెవరో దొరకట్లేదురా."

"లోపలున్నోడే అయ్యుంటాడు, పట్టుకో!"

అతను నవ్వబోయి ఆగాడు.

సాయంత్రం ఆకు లేచిన గింజనొకదాన్ని కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చాడు. ఆమె దిండుకు ఆనుకుని కళ్లద్దాలు పెట్టుకుంది. మొలకనుంచి పొట్టును మెల్లగా విడదీసింది.

"పిండేమైంది?"

"మొలక తినేసింది."

"అంతానా?"

"అంతా. తరుగు పోలేదు, ఇందులోకి మారింది. చావంటే అదేనేమో, నాకు తెలీదు. నేను చూసింది మాత్రం ఇదే."

"మీరు చూశారుగా, చాలు." పొట్టును వేలికొసన ఎక్కించుకుని, కళ్లకు బాగా దగ్గరగా పెట్టుకుంది. "ఎంత తేలికైపోయిందో!"

పాలు వెచ్చబెట్టి తెచ్చేసరికి ఆమె తల పక్కకు వాలి ఉంది. ఒకసారి పిలిచాడు. రెండోసారి పిలవలేదు.

గ్లాసు కింద పెట్టి, ఆమె కళ్లద్దాలు తీశాడు. ఒక అద్దానికి ఆ పొట్టు అంటుకుని ఉంది. అటునుంచి కిటికీ వెలుతురు దానిలోంచి లేత పసుపు రంగులో దిగుతోంది.