రెండుసార్లు చెప్పాక

విమానాన్ని కాపాడింది నా భార్య. మెడల్ దక్కింది కెప్టెన్‌కు. ఇందులో వాదించడానికేమీ లేదు.

రెక్కలకు పెద్ద ఫ్యాన్లుండే చిన్న విమానంలో ఆమె కో-పైలట్. అలాంటి విమానాలు పెద్దవాటిలా మబ్బుల పైకి పోలేవు, మబ్బుల్లోంచే పోవాలి. చలికాలంలో అక్కడ రెక్కలకు మంచు పడుతుంది. రెక్క అంచున రబ్బరు తొడుగులు ఉబ్బి ఆ మంచును పగలగొడతాయి. తొడుగులు లేని చోట మంచు పేరుకుంటే వేగం పడిపోతుంది. ఆటోపైలట్ ఆ సంగతి చెప్పదు. లోపల్లోపలే సర్దుకుంటూ పోయి, ఇక చేతగానప్పుడు ఒక్కసారిగా వదిలేస్తుంది. "అచ్చం నాలాగే," అనేది ఆమె, ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మంచును చెక్క గరిటెతో గీకుతూ.

ఆ పాత ఫ్రిజ్‌ను గీకే పని ఆమెదే. డ్యూటీ దిగొచ్చిన రోజైనా ఆమెదే. "ఆకాశంలో మంచు దులిపేదానివి, ఇంట్లో దులపడానికి నామోషీనా?" అనేది మా అమ్మ. అందరూ నవ్వేవారు. మొదట్లో ఆమె కూడా నవ్వేది.

ఆ రోజు సంగతి ఆమె నాకు ఒక్కసారే చెప్పింది, గీకడం ఆపకుండా. పక్క కిటికీ అద్దం మీదికి మంచు పాకడం చూసింది. అద్దం దాకా వచ్చిందంటే రెక్క మీద తొడుగులు దాటిపోయిందనే అర్థం. "సర్, స్పీడు తగ్గుతోంది, కిందికి దిగుదాం," అంది. "ఆటోపైలట్ చూసుకుంటుంది గానీ, కాఫీ పంపమను అమ్మాయ్," అన్నాడు కెప్టెన్. మళ్లీ చెప్పింది. "ఇంట్లో మీ ఆయన్నీ ఇలాగే సతాయిస్తావా?" అన్నాడు. వాళ్ల కంపెనీలో ఒక రూలుంది. ప్రమాదం గురించి రెండుసార్లు చెప్పినా పక్కవాడు కదలకపోతే విమానాన్ని తన చేతుల్లోకి తీసుకోవాలి. మంచు కన్నా ఆ రూలే ఆమెను ఎక్కువ భయపెట్టిందట. 'పొరపాటైతే ఆడది కంగారుపడిందంటారు. సరైనదైతే ఏమీ అనరు. ఇన్నేళ్లూ నేను సరిగ్గా చేసినవాటి గురించి ఎవరేమన్నారు గనక? వెనక కూర్చున్నవాళ్లకు నా మొహం కూడా తెలియదు. ఇంట్లోవాళ్లకు మాత్రం తెలుసా?' అనుకుందట. ఆటోపైలట్ తీసేస్తే స్టీరింగ్ ఎటు లాగుతుందో తెలియదు. అందుకే ముందు రెండు చేతులా బిగించి పట్టుకుంది. "నా కంట్రోల్," అంది. విమానం ఒక పక్కకు ఒరిగింది. ముక్కు దించి, ఇంజిన్లు పెంచి, వెచ్చటి గాలిలోకి దింపింది. మంచు పెళ్లలు ఊడి విమానానికి దబదబా తగిలాయి. వెనక పిల్లలు కేకలు పెట్టారు. అందరూ బతికారు.

తానే చెప్పి చేయించానన్నాడు కెప్టెన్. విచారణలో పెద్దాయన ఆమెను అడిగిందొకటే. "ఇంట్లో ఏమన్నా గొడవలామ్మా?"

ఆ తర్వాత ఆమెను ఎగరనివ్వలేదు. కొత్తవాళ్లకు పాఠాలు చెప్పే గదిలో కూర్చోబెట్టారు. "రోజూ పొద్దుగూకేసరికి ఇల్లు చేరుతుంది, మంచిదేగా," అన్నారు మావాళ్లు.

ఇదంతా చెప్పి ఆమె గరిటె సింకులో పడేసింది. "అక్కడ రెండుసార్లు చెబితే చాలండీ. ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాలో ఎక్కడా రాసిలేదు."

మళ్లీ ఆ ఫ్రిజ్ జోలికి పోలేదు. ఇంకెవరూ పోలేదు. మంచు పెరిగి పెరిగి తలుపు పడటం మానేసింది. మా అమ్మ ఎంత సాధించినా ఆమె అటు తిరిగి చూడలేదు.

కొన్నేళ్లకు ఆమె జబ్బు చేసి పోయింది. అంత్యక్రియలకు కెప్టెన్ వచ్చాడు. "ఆ రోజు నేను చెప్పీచెప్పగానే భలే అందుకుందండీ," అన్నాడు. గేటు చూపించాను.

మొన్న కంపెనీవాళ్లు ఫోన్ చేశారు. ఆ పాఠాల గదికి ఆమె పేరు పెడతారట, నన్నొచ్చి మాట్లాడమన్నారు. రానన్నాను. మళ్లీ చేశారు.

"ఆవిడ గురించి మీరైనా నాలుగు మాటలు చెప్పాలి కదా సార్."

"చెప్పాల్సినావిడ చెప్పింది. రెండుసార్లు."

పెట్టేశాను. ఈ సంగతి ఇక నా నోట రాదు. నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు.