మూడడుగుల మట్టి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టించేవాడి కష్టమే వారికి కనిపించింది. ఆ ఇంటి కోసం ఎక్కడో గొయ్యి అయిపోయే చేను సంగతి వారూ అడగలేదు, మనమూ అడగం.

2008 మే నెల. భవానీపురంలో ఒక ప్రభుత్వ పాఠశాలకు కొత్త గదులు కడుతున్నారు. బాలశౌరి మేస్త్రీ లారీ ఎక్కి రెండు ఇటుకలు తీసి ఒకదానితో ఒకటి కొట్టాడు. బాగా కాలిన ఎర్ర ఇటుకైతే ఖంగుమనాలి. థర్మల్ స్టేషన్ బూడిదతో చేసిన ఈ కొత్త ఇటుక దబ్బుమంది. ముప్పయ్యేళ్ళుగా నమ్మిన పరీక్ష అది. మేస్త్రీ మరో మాట లేకుండా లోడు వెనక్కి పంపేశాడు.

అసలు ఆ రోజు అతనికి మనసు మనసులో లేదు. కంకిపాడు దగ్గర తన అరెకరం చేలో పైమట్టి మూడడుగులు ఇటుకబట్టీకి ఇస్తానని మాటిచ్చాడు. మర్నాడే మట్టి తవ్వే పొక్లెయిన్ వస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా అప్పటికే మట్టి ఇచ్చేశారు. వాళ్ళ చేలు పల్లమై ఇతనిది మెరకగా మిగిలిపోయింది. కాలవ నీరు ఎక్కడం మానేసింది. భార్య ఆదెమ్మ మాత్రం మట్టి ఇవ్వద్దని పోరుతూనే ఉంది.

మధ్యాహ్నం అసిస్టెంట్ ఇంజనీరు కృప వచ్చింది.

"లోడెందుకు పంపేశారు మేస్త్రిగారూ?"

"మోగలేదమ్మా. పచ్చి ఇటుకతో పిల్లలకి గోడ కట్టమంటారా?"

"అది కాల్చే ఇటుక కాదండీ, మోగదు. గట్టిదేనని ల్యాబ్ రిపోర్టు వచ్చింది." ఆమె సంచిలోంచి ఒక ఫారం తీసింది. "బిల్డింగ్ మొదలైనప్పట్నుంచి పడగొట్టేదాకా ఎంత కార్బన్ పొగ గాల్లో కలుస్తుందో లెక్కేసి, తగ్గించి కట్టమని గవర్నమెంటు ట్రయల్‌గా ఈ ఫారం పంపిందండీ."

"గోడకి పొగేంటమ్మా?" అని నవ్వాడు మేస్త్రీ.

"ఇటుక కాల్చిన బొగ్గు, సిమెంటు, లారీల డీజిలు, యాభై ఏళ్ళపాటు ఫ్యాన్లకయ్యే కరెంటు, అన్నీ వస్తాయండీ. ఎర్ర ఇటుక వాడితే మట్టి ఏ ఊరిదో, ఎంత లోతు తవ్వారో కూడా రాయాలి."

మేస్త్రీ నవ్వు ఆగిపోయింది.

"కంకిపాడు అని రాయండమ్మా. మూడడుగులు. రేపు మా చేనే తవ్వుతున్నారు."

మేస్త్రీకి సిగ్గేసింది. ముప్పయ్యేళ్ళలో ఎన్ని గోడలు పేర్చాడు! ఆ మట్టి ఎవరి చేనిది అని ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు తన చేను ఏ గోడలో కలుస్తుందో తనకే తెలియదు. తాపీ కిందపెట్టి బస్సెక్కాడు.

బెంజి సర్కిల్ దగ్గర బస్సు అరగంట ఇరుక్కుపోయింది. కూర్చోలేక నిలబడ్డాడు, నిలబడలేక డ్రైవరును విసుక్కున్నాడు. ఊళ్ళో దిగి చేలకు అడ్డంపడి పరుగెత్తాడు.

వాన వస్తుందన్న భయంతో బట్టీవాళ్ళు ఒకరోజు ముందే వచ్చేశారు. ఒక మూల తవ్వడం అయిపోయింది. మిషన్ ముందు ఆదెమ్మ బైఠాయించి ఉంది.

"ఆపండయ్యా," అన్నాడు బాలశౌరి.

"మాటిచ్చావు గదయ్యా," అన్నాడు బట్టీ గుమాస్తా.

"ఇచ్చానండీ. ఇప్పుడు తప్పుతున్నా. ఏమన్నా అనుకోండి."

"నీళ్ళెక్కని చేను పెట్టుకుని ఏం చేస్తావు?"

"తెలవదండీ. మట్టి మాత్రం ఇవ్వను."

గుమాస్తా నాలుగు తిట్లు తిట్టి మిషన్ తిప్పుకుపోయాడు. బాలశౌరి గోతిలోకి దిగి అడుగుమట్టి చేత్తో తీసి చూశాడు. పాలిపోయి, చవుడు తేలి ఉంది.

"ఈ మూల మళ్ళీ ఎప్పటికి పండుద్దయ్యా?" అంది ఆదెమ్మ.

"మన కాలంలో పండదే." అతను ఆ మట్టి గోతిలోనే వదిలేసి పైకెక్కాడు. "రేపు ఆ బూడిద ఇటుకే తెప్పించి పేరుస్తా. ఇంజనీరమ్మకి ఒక్క మాట చెప్తా. ఆ లెక్కేదో కట్టకముందే వేయించండమ్మా, తవ్వినాక ఎంత లెక్కేసినా చేను తిరిగి రాదు అని."