తొంభై నాలుగుకి కింద

నేను ఒక పాదరసం థర్మామీటర్‌ని. జిల్లా ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో తొమ్మిదేళ్లు కొలువు చేశాను. నా ఒంటి మీద గీతలు గీసినవాళ్లు తొంభై నాలుగు దగ్గర మొదలుపెట్టారు. మనిషి అంతకంటే చల్లబడతాడని వాళ్లకు తోచలేదు కాబోలు.

నన్ను విదిలించడం, చంకలో దోపడం, పక్క మంచం దగ్గర కబుర్లాడి అర నిమిషానికే లాగేయడం! ఆపైన షీటులో 98.4. జ్వరం లేనివాళ్లందరికీ అదే అంకె. చూసి వేసేవాళ్లు కొందరు, చూడకుండా వేసేవాళ్లు చాలామంది.

మే నెలలో చిలకమ్మ వచ్చింది. గోనెసంచుల మిల్లులో కుట్టుపని చేసే మనిషి. మాట ముద్దగా వస్తోంది, పగలంతా మగత. వార్డంతా చెమటలు కక్కుతుంటే ఆమె ఒళ్లు మాత్రం చల్లగా ఉంది, వణుకైనా లేదు. ఆమె చంకలో నా పాదరసం మొదటి గీతను కూడా అందుకోలేదు.

"ఇది పాడైపోయినట్టుందే" అంది సిస్టర్ విమలకుమారి. అని, షీటులో 98.4 వేసింది! నేను పాడయ్యానా? అదే పూట పక్క మంచం ఆమెకు నూట రెండు చూపించానే! ఒళ్లు మండిపోయింది నాకు.

చిలకమ్మ భర్త సన్యాసిరావు బతిమాలాడు. "అమ్మా, దీని ఒల్లు సల్లగయిపోతంది. ఓపాలి సూడండమ్మా."

"జ్వరం లేకపోతే చల్లగానే ఉంటుంది. గొడవ చెయ్యకు."

ఇలా మూడు రోజులు. నాలుగో నాడు కొత్తగా వచ్చిన డాక్టరమ్మ తక్కువ వేడి చూపే మీటరు తెప్పించింది. ఎనభై తొమ్మిది! తలకు స్కాన్ తీయించింది. మెదడు అడుగున చిక్కుడు గింజంత చోటు ఒకటుందట, ఒంటి వేడిని చూసుకునేది అదేనట. దాని పక్కన గడ్డ పెరిగి నొక్కేసింది. ఇక వణకమని ఒంటికి చెప్పే దిక్కే లేదు. దుప్పట్లు కప్పారు, వెచ్చటి సెలైన్ ఎక్కించారు, ఆపరేషన్ కోసం పెద్దాసుపత్రికి రాశారు. అంబులెన్స్ వచ్చేలోపే గుండె ఆగిపోయింది. ముందే తెలిసుంటే బతికేదని డాక్టరమ్మ అందరి ముందూ అంది.

విచారణ పెట్టి, తప్పు నాదని తేల్చారు. సిగ్గు లేదు! నన్ను కవరులో పెట్టి బల్ల మీద ఉంచారు. థర్మామీటరు లోపం వల్లే జరిగిందని కాగితం చదివి, సన్యాసిరావుని వేలిముద్ర వేయమన్నారు.

అతను నన్ను ఒకసారి చూశాడు.

"దీన్నేటి అంటారు బాబూ? గాజు ముక్క. నా సేతికి తెలిసిపోనాది. మూడు దినాల్లో మీలో ఒక్కులైనా దాని ఒంటి మీద సెయ్యేసి సూసినారా?"

సిరా డబ్బా మూత పెట్టేసి లేచిపోయాడు.