పెట్టెలో ముందే ఉండాల్సిన మాట

గొంతు ఆపరేషన్‌తో తమ్ముడి మాట పడిపోతుందని తెలిశాక, కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే అక్క ముందుగానే అతని మాటలన్నీ రికార్డు చేసి, ఒక మాట్లాడే పెట్టె చేసిపెట్టింది. స్విచ్ వేశాకే పెట్టె ఆ మాటల్ని ఫైల్లోంచి ఒక్కొక్కటిగా లోడ్ చేసుకునేది. కావాలన్నప్పుడు మార్చుకోవడం తేలికని తనే అలా రాసింది.

ఆపరేషనై ఇంటికొచ్చిన తమ్ముడు నిన్న మధ్యాహ్నం కళ్ళు తిరిగి కూలబడ్డాడు. స్విచ్ వేసి బటన్ నొక్కాడు. పెట్టె ఇంకా లోడ్ చేసుకుంటూనే ఉంది. పక్క గదిలో ఉన్న అక్కకి చాలాసేపటిదాకా ఏమీ తెలియలేదు.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది!" అని తనను తానే తిట్టుకుంటూ ఇవాళ మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంది.

"ఒక మాటని ఫైల్లో కాకుండా ప్రోగ్రాంలోనే కలిపేస్తాన్రా. స్విచ్ వెయ్యగానే పలుకుతుంది. కానీ ఒక్కదానికే చోటుంది, మార్చాలంటే ప్రోగ్రాం మొత్తం మళ్ళీ తయారుచెయ్యాలి. ఏది పెట్టను? నొప్పి అనా? ఊపిరాడట్లేదు అనా?"

తమ్ముడు పలక మీద రాశాడు: "అక్కా."

"చాల్లే సంబడం! ఆ ఒక్క ముక్కతో నీకేమైందో నాకెలా తెలిసి చస్తుంది?"

అతను పలక తుడిచి, నింపాదిగా రాసి చూపించాడు.

"నువ్వొచ్చేలోగా మిగతావి లోడవుతాయి."