పన్నెండు మెట్ల మేడమ్

ఆ ఇంట్లో పొద్దున్నే ముందు పొయ్యి వెలుగుతుంది, ఆ వెంటనే రాజకీయం రాజుకుంటుంది. అన్నయ్యది రంగుల దుకాణం. చెల్లెలు పన్నుల ఆఫీసులో అధికారి. మధ్యలో అమ్మ, కాఫీ గ్లాసులు.

"పెద్ద చేపలు వల తెంచుకు పోతాయి. మీకు దొరికేది మాలాంటి చిన్న చేపలే," అన్నాడు అన్నయ్య ఆ రోజు కూడా.

"అమ్మకి ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఎవరి డబ్బుతో నడుస్తోంది అన్నయ్యా?"

"నెల తిరిగేసరికి జీతం వచ్చేవాళ్ళకి నీతులు సులువే!"

"మీ ఇద్దరి ఓట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. చివరికి చెల్లేది నా ఓటొక్కటే. నోరు మూసుకుని తాగండి," అంది అమ్మ.

గొడవ ముదరడానికి కారణం ఉంది. పదకొండింటికి ఆఫీసు హాల్లో కౌన్సిల్ ఓటింగు. దుకాణాల్లో సోదాలు జరగాలని ఒక పక్షం, జరిగితే వ్యాపారాలు మూతపడతాయని ఇంకో పక్షం. సోదాల జాబితా చదవాల్సింది చెల్లెలు. కింద మైకు పట్టుకుని నినాదాలు చేయించేది అన్నయ్య.

ఆ ఆఫీసు మేడ మీద ఉంది. పన్ను సరిగ్గా కట్టినవాళ్ళకి మెట్లు పన్నెండు. ఎగ్గొట్టినవాళ్ళకి, ఎగ్గొట్టినదాన్ని బట్టి పెరుగుతాయి. అందుకే వ్యాపారులు పైకి రారు, గుమస్తాల్ని పంపుతారు. నీతి మీద గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చే ఓ పెద్దమనిషి ఒకసారి మధ్యాహ్నం భోజనం మెట్ల మీదే చేశాడు. మెట్ల లెక్క కోర్టులో చెల్లదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఉప్పూ నిప్పులా ఉండే రెండు పక్షాలూ లిఫ్టు పెట్టించాలన్న దగ్గర మాత్రం ఒక్క మాట మీదున్నాయి. ఆ రోజు కౌన్సిల్ సభ్యులు కొందరు తెల్లవారకముందే ఎక్కడం మొదలుపెట్టారు.

చెల్లెలికి మాత్రం ఇరవై ఏళ్ళుగా పన్నెండే. అందుకే ఊళ్ళో ఆమెని పన్నెండు మెట్ల మేడమ్ అంటారు. మెట్ల కింద స్టూలు మీద కూర్చునే బంట్రోతుకి ఎవరెక్కినా గట్టిగా లెక్కపెట్టడం అలవాటు. మానమన్నా మానడు.

"పదకొండు... పన్నెండు," అని ఆ రోజు ఆమె అడుగులు లెక్కపెట్టడం ముగించి నీళ్ళ సీసా అందుకోబోయాడు. పైన ఇంకో అడుగు చప్పుడైంది. చెయ్యి సీసా మీదే ఉండిపోయింది.

"పదమూడు," అన్నాడు, తన మాట తనే నమ్మలేక.

ఆమె తలెత్తి చూసింది. తలుపు దగ్గర పడలేదు. ఇరవై ఎక్కింది, ముప్ఫై ఎక్కింది. జీతం మీద పన్ను, ఇంటి పన్ను, నీటి పన్ను అన్నీ తలుచుకుంది. అన్నీ కట్టింది. మరి ఇదేమిటి?

కింద నినాదాలు ఆగాయి. తర్వాత నవ్వులు మొదలయ్యాయి.

"మేడమ్ గారి బండారం బయటపడిందయ్యోయ్!"

నూనె మిల్లు యజమాని అన్నయ్య భుజం తట్టాడు. "గెలిచాం! పదకొండు గంటలు దాటితే జాబితా చెల్లదు. ఇక ఆవిడ ఉద్యోగం కూడా ఊడినట్టే."

అన్నయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. అమ్మకాలు ఒక హద్దు దాటితే పన్ను పడుతుంది కాబట్టి కాగితాల మీద దుకాణాన్ని రెండు చేసి, రెండోదాన్ని ఇంట్లో ఆడవాళ్ళ పేరున పెట్టడం అక్కడ అందరూ చేసేదే. అమ్మ బీమా కోసం చెల్లెలిచ్చిన తన గుర్తింపు కార్డుకి అన్నయ్య ఇంకో నకలు తీసి దాచుకున్నాడు. దాంతో చెల్లెలి పేరున పెట్టిన దుకాణం దొంగ లెక్కలు నిన్ననే దాఖలు చేశాడు. మెట్లెక్కేది తను కాదుగా అనుకున్నాడే గానీ, ఆ పేరున్న మనిషి రోజూ ఎక్కుతుందన్న సంగతే తట్టలేదు.

"అరవై రెండు," అన్నాడు బంట్రోతు, ఏడుపు గొంతుతో.

అన్నయ్య మైకు పడేసి మెట్ల దగ్గరికి పరిగెత్తాడు.

"చెల్లీ! ఆ రెండో దుకాణం నాది! నీ పేరు నేనే వాడుకున్నాను!"

ఆమె వెనక్కి తిరిగింది.

"నా పేరా అన్నయ్యా?"

అతను తల దించుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. ఆమె మరో అడుగు వేసేసరికి తలుపు ఎదురుగా ఉంది. పదకొండింటికి ఇంకా రెండు నిమిషాలుంది. ఆమె కలం తీసి, జాబితాలో అన్నిటికంటే పైన ఒక పేరు రాసి, లోపలికి వెళ్ళింది.

సాయంత్రం ఆఫీసు మూసే వేళకి అన్నయ్య ఎక్కిన మెట్ల లెక్క తప్పి బంట్రోతు ఊరుకున్నాడు. ఆమె నీళ్ళ గ్లాసుతో ఆరు మెట్లు దిగి, రొప్పుతున్న అన్నయ్య పక్కన కూర్చుంది.

"జాబితా నెగ్గిందా?"

"నెగ్గింది."

"మొదటి పేరు నాదేనా?"

"నీదే. నీళ్ళు తాగు."

తాగి, పైకి చూశాడు. "ఇంకా ఎన్నున్నాయే?"

"నాకు ఆరు కనబడుతున్నాయి," అంది చెల్లెలు. "నీకెన్నో నాకు తెలీదు అన్నయ్యా."